పిడికెడు వడ్లకు బేరం

మా పుట్టింటివాళ్లది బాన్సువాడ బజారులో కిరాణా దుకాణం. నాకు మాటలు రాకముందే తక్కెడ మొగ్గు తెలిసేదని మా అమ్మ ఇప్పటికీ చుట్టాల ముందు చెప్పుకుంటుంది. అందులో గొప్పేమీ లేదు. తక్కెడ పక్కన పెరిగిన పిల్లకు లోకమంతా రెండు పళ్లేల్లాగే కనబడుతుంది, ఇచ్చేది ఒకటి, తీసుకునేది ఒకటి. అలాంటి నన్ను తీసుకెళ్లి కాలువ చివరి మళ్లున్న ఇంట్లో ఇచ్చారు. అక్కడ ఇచ్చేదంతా మాదే. తీసుకునేది ఎండ.

కాలువ చివరి పొలమంటే పెళ్లి భోజనంలో ఆఖరి పంక్తి లాంటిది. నిజాంసాగర్ నీళ్లు పెద్ద కాలువ దిగి, పిల్ల కాలువ దిగి, పైవాళ్లందరి మళ్లు తడిసి మా దాకా వచ్చేసరికి గిన్నెలో గరిటె చప్పుడే మిగులుతుంది. వానాకాలం ఎలాగో గడుస్తుంది. ఎండల్లో కోసే యాసంగి పంటకే చావు. బరువైన కంకి వేసే రకాలకు రోజులు ఎక్కువ కావాలి, గింజ పాలు పోసుకునే వేళకు కాలువ ఎండిపోతుంది. తొందరగా కోతకొచ్చే రకాలు వేస్తే కంకులు చూసి కోళ్లు కూడా మొహం తిప్పుకుంటాయి. తొందరగా రావాలి, బరువుగానూ ఉండాలి, రెండు గుణాలూ ఒకే గింజలో ఉండాలి అనేది మా ఆయన కోరిక. అలాంటి గిరాకీలను మా దుకాణంలో చాలామందిని చూశాను. చవకదీ కావాలంటారు, మేలైనదీ కావాలంటారు. మా నాన్న వాళ్లకు చల్లటి నీళ్లిచ్చి పంపేవాడు.

ఒక ఏడు వరి పరిశోధన కేంద్రం నుంచి ఒక మేడం వచ్చి మా మడిలో కొత్త రకాలు వరసలుగా నాటించింది. మా ఆయన ఆమె వెనకాలే తిరిగి తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. ఆమె విసుక్కోలేదు.

"ఒకే రకం వేసిన పొలంలో ఎంత వెతికినా కొత్తది దొరకదండీ. తేడాలున్న చోటే ఏరుకోగలం. లేకపోతే తేడాలు పుట్టించాలి. తొందరగా వచ్చేదాన్ని, బరువు కంకిదాన్ని కలపాలి."

"కలిపితే రెండు మంచి గుణాలు ఒకదాంట్లకే వస్తయా మేడం?" అని అడిగాను.

"రెండు చెడ్డ గుణాలూ కలిసి రావచ్చు. అందుకే చాలా మొక్కలు పెంచాలి, చాలావాటిని పారేయాలి."

ఆ మాట నాకు నచ్చింది. చాలా చూసి, చాలావాటిని కాదని, ఒకటి పట్టుకోవడం. చీర కొనడమంటే అదే కదా.

వరికి పువ్వూ గింజా వేరు కాదని నాకు అప్పుడే తెలిసింది. ఆ పొట్టు లోపలే ఆడా మగా రెండూ ఉంటాయి. తలుపు తెరిచేలోపే పెళ్లయిపోతుంది. ఆ పెళ్లి చెడగొట్టి వేరే సంబంధం కుదర్చాలి. సాయంత్రం పూట, ఇంకా తెరుచుకోని పువ్వుల కొసలు కత్తెరతో కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులను చిన్న చిమటాతో తీసేసి, కంకికి కాగితం తొడుగు వేయాలి. మరునాడు పొద్దెక్కాక రెండో రకం కంకి తెచ్చి దాని మీద దులపాలి. మా ఆయన వేళ్లు పారకు పుట్టినవి. ఆయన పట్టుకున్న ప్రతి పువ్వూ నలిగిపోయింది. చివరికి కందిపప్పులో రాళ్లేరిన నా వేళ్లకు ఆ పని దక్కింది. పట్టిన గింజలు అరచేతి గుంట కూడా నిండలేదు. కత్తిరించిన పొట్టులోంచి తల బయటపెట్టి, తలపాగా జారిన పెళ్లికొడుకుల్లా ఉన్నాయి.

వాటినుంచి వచ్చిన మొదటి తరం మొక్కలన్నీ ఒకే అచ్చు. "గింతేనా" అనుకున్నాను. వాటి గింజలు మళ్లీ వేశాక చూడాలి. అది మడి కాదు, అంగడి. పొడుగువి, పొట్టివి, ముందే కంకి తీసినవి, పక్క మొక్కలు కోతకొచ్చినా కంకి బయటపడక ఇంకా పొట్ట మీదే ఉన్నవి, గింజ సన్నంగా ఉన్నవి, దొడ్డుగా ఉన్నవి. ఒకే తల్లీతండ్రుల పిల్లలు ఇన్ని తీర్లుగా ఉంటారా అని మా ఆయన గట్టు మీద నిలబడి నోరు తెరిచాడు. మా అన్నదమ్ములను చూసిన నాకు ఆశ్చర్యం కలగలేదు.

అక్కడ మేం చేసిన పని దుకాణం మనుషులు తప్ప ఇంకెవరూ చేయరు. బస్తా మూతి దగ్గర మంచి సరుకు పెట్టడం మా బజారు ఆచారం. మంచిదంతా ముందరే ఉంటుందని నా నమ్మకం. గట్టు మీద నడుస్తూ, నిండా పిలకలతో, వంగిన కంకులతో బలంగా కనబడిన మొక్కలను నేను చూపించాను, ఆయన దారం కట్టాడు. బురదలో దిగే పని తప్పిందని సంతోషించాను కూడా. మరుసటి పంటలో ఆ విత్తనమంతా పల్చగా, పీలగా వచ్చింది. మేడం చూసి నవ్వు ఆపుకుంది.

"గట్టు పక్క మొక్కకు ఒకవైపు పోటీ ఉండదమ్మా. వెలుతురు దానికే ఎక్కువ, ఎరువూ దానికే ఎక్కువ. ఆ బలం చోటిది, గింజది కాదు. పిల్లలకు దిగేది గింజలో ఉన్నదే. నడిమడిలోకి దిగండి. ఇరుకులో నిలబడి కూడా బరువుగా ఉన్నదాన్ని ఏరండి."

ఇంటికి నడుస్తుంటే మా ఆయన అన్నాడు: "ఇగ నువ్వు బస్తా అడుగుకెల్లి సరుకు తియ్యి."

మొదటి తరం మొక్కల విత్తనంలో దాచిన దానితో మళ్లీ అంగడి పెట్టాం. ఈసారి చీర మోకాళ్ల పైకి దోపుకుని నడిమడిలోకి దిగాను. జలగలు నన్నే ఏరుకున్నాయి, వాటికి ఎవరూ నేర్పలేదు. పంట వెంట పంట ఏరాం, పారేశాం, మళ్లీ ఏరాం. పోను పోను తేడాలు తగ్గాయి. చివరికి రెండు కుటుంబాలు నిలిచాయి. ఒకటి అన్నిటికన్నా ముందు కోతకొచ్చేది, కంకి మాత్రం సాదాసీదా. రెండోది దానికన్నా కాస్త ఆలస్యం, అయినా ఊళ్లో వేసే రకాలకన్నా ముందే. దాని కంకి కింద చెయ్యి పెడితే దుకాణంలో పెరిగిన నా చెయ్యి ఆ బరువును నమ్మలేదు. మళ్లీ పెట్టి చూసుకున్నాను. అప్పటికి మేడంకు దూరం బదిలీ అయింది. ఫోన్ చేస్తే, "ఎక్కువ విత్తనం పెంచి కొంత నాకు పంపండి, పరీక్షల్లో పెట్టిద్దాం" అంది.

ఎక్కువ పెంచాలంటే ఉన్నదంతా చల్లాలి. కొంత దాచిపెట్టేవాళ్లమే, కానీ పోయిన వానాకాలం చెమ్మకు అటక మీది సంచికి ముక్కవాసన పట్టింది. ఇంకో ఏడాది ఉంచితే మొలక రాదని భయం. ఒక్కో కంకి గింజలకు ఒక్కో వరస చొప్పున అంతా నాటేశాం. ఇంట్లో ఒక్క గింజ లేదు. నిండుకుంది అనాలి గానీ లేదు అనకూడదని మా అమ్మ నేర్పింది. ఆ మాటకు అర్థమేమిటో ఆ యాసంగిలో తెలిసింది.

ఆ ఏడు డ్యాంలో నీళ్లు తక్కువ. ఆఖరి తడి మా పైవాళ్ల దగ్గరే ఇంకిపోయింది. మా ముందు రకం వరసలు కంకి తీసి పాలు పోసుకుంటున్నాయి. బరువు కంకి వరసలు అప్పుడే పొట్ట పగిలి బయటికి వస్తున్నాయి. సరిగ్గా ఆ వేళలో నేల పగుళ్లిచ్చింది. మొదట వేలు పట్టింది. తర్వాత చెయ్యి పట్టింది. ఆకులు మధ్యాహ్నానికి చుట్టుకుని, సాయంత్రం విచ్చుకునేవి. తర్వాత సాయంత్రం కూడా విచ్చుకోవడం మానేశాయి. ట్యాంకర్ తెప్పిద్దామంటే పైమళ్ల మీదుగా తప్ప దారి లేదు. మా ఆయన ఇంటినుంచి బిందెలతో నీళ్లు మోశాడు. పగుల్లో పోసిన బిందెడు నీళ్లు ఎక్కడికి పోయాయో కనిపించేది కాదు. అయినా ఇంకో బిందె తెచ్చేవాడు. నేను వద్దనలేదు. వద్దంటే ఆ మనిషి చేతులు ఏం చేస్తాయో తెలియలేదు.

"ఇది పోతే ఇగ భూమి కౌలుకిచ్చేద్దాం," అన్నాడొక పూట, బిందె దించి. "మీ అన్న దుకాణంల కూసుంట."

ఆయన తక్కెడ ముందు కూర్చుంటే, తూకానికి వచ్చిన ప్రతి ముసలమ్మకూ కొసరు పోసి, అడిగిన ప్రతివాడికీ అరువిచ్చి, మా అన్న దుకాణానికి తాళం వేయించేవాడు. నవ్వించాలని ఆ మాటే అన్నాను. ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

మాకు పైమడి వైండింగ్ భాయ్‌ది. బాన్సువాడలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఆయనది. పొలంలో బోరు ఉంది. ఆ బోరు కూడా ఆ ఎండల్లో వేలంత ధార పోస్తోంది, ఆయన వరి కూడా పొట్ట మీదే ఉంది. మా ఆయన వెళ్లి అడగలేకపోయాడు. "ఆయిన బాధల ఆయిన ఉన్నడు, ఏ మొఖం పెట్టుకొని అడుగుత," అన్నాడు. న్యాయమే. కానీ నాకు న్యాయం కన్నా వేళ బాగా తెలుసు. పొద్దున్నే షట్టర్ ఎత్తాక వచ్చిన మొదటి బేరాన్ని ఏ దుకాణదారుడూ వెనక్కి పంపడు. బోణీ పోతే దినమంతా పోతుంది. మా నాన్నకు నష్టమొచ్చిన బేరాలన్నీ బోణీ బేరాలే.

మొదటి ఆటో పట్టుకుని వెళ్లాను. భాయ్ షట్టర్ ఎత్తి, ఊదుబత్తి వెలిగించి, దాని పొగను ఒక ముసలి మోటారు చుట్టూ తిప్పుతున్నాడు.

"సలాం భాయ్. బోణీకొచ్చిన."

"రా చెల్లె, కూసో. ఏం కాలింది?"

"కాలనీకి నాకు మోటారేడిది. వరి కాలుతుంది."

భాయ్ ఊదుబత్తి గోడ సందులో గుచ్చి నా వైపు తిరిగాడు. "నీళ్లు దుకాణంల అమ్మను నేను."

"అమ్మకు. ఇయ్యి."

"నా వరి చూసినవా వచ్చేటప్పుడు?"

"చూసిన. నీది సగమన్న పండుతది. నాది పోతే జాతే పోతది భాయ్. ఇంట్ల ఒక్క గింజ లేదు. మడిల ఉన్నదే ఉన్నది."

"గందుకే అంటరు, కోమటాయన బిడ్డను చేసుకుంటే గల్లల పైసలుండయి గని నోట్లె మాటలుంటయని." భాయ్ నవ్వబోయి మానేశాడు. "మీ ఆయినకు చెప్పిన నేను, ఏంది ఈ పురుగులు ఏరినట్టు వడ్లు ఏరుడు, పిచ్చి లేసిందా అని. బంగారం పండుతదా దాంట్ల?"

"బంగారం కాదు. కాలువ బంద్ కాకముందే పండుతది. బరువు పండుతది. నీకు బోరున్నది గని, ఎన్ని దినాలుంటది గా బోరు? నువ్వే చెప్పు."

ఆ బోరు సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. బయట బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను లేవలేదు. బోణీకి వచ్చిన గిరాకీ లేవకుండా కూర్చుంటే దుకాణదారుడికి ఎంత చెమట పడుతుందో చిన్నప్పుడు మా నాన్న మెడ మీద చూశాను.

"ఒక్క పూట," అన్నాడు చివరికి. "ఇయ్యాల త్రీఫేజ్ కరెంటు ఉన్నంతసేపు నీ దిక్కు మలుపుకో. రేపటికెల్లి అడగకు, నా పిల్లల నోట్లె మట్టి కొట్టకు."

"అడగ. నీకేం గావాలె?"

"పైసలొద్దు. గా బరువు కంకిది విత్తనం నాకొక పిడికెడు."

"ఇచ్చిన పో."

బేరం అంత తొందరగా తెగినందుకు నాకు గర్వం కూడా కలిగింది.

నీళ్లు భాయ్ మడి మూలనుంచి మా మడిలోకి దిగాయి. నీళ్లకు మొదట తగిలేవి సాదాసీదా కంకి వేసే ముందు రకం వరసలు, బరువు కంకి వరసలు నడిమిలో ఉన్నాయి. వేలంత ధార పగిలిన మట్టి మీద అంగుళం పాకి ఇంకిపోతోంది. అలా వదిలేస్తే నడిమికి చేరేలోపు కరెంటు పోతుంది. మా ఆయన పార పట్టుకుని నిలబడ్డాడు. ముందు వరసల నడుమనుంచి బోదె తీస్తే కొన్ని మొక్కలు పోతాయి. ఆయన చేతులతో నాటినవి.

"తియ్యి," అన్నాను.

"ఇవి గుడ పానమున్నయే."

"అన్నిటికీ పోస్తే దేనికీ అందది. తియ్యి."

తీశాడు. మొహం పక్కకు తిప్పుకుని తీశాడు. నీళ్లు ఆ బోదెలో మురికిగా, నురగతో పాకి, నడిమి వరసల మొదళ్లకు చేరాయి. నేను ఆ బురదలోనే కూర్చుండిపోయాను. అవి తడుస్తుంటే వచ్చే వాసన నాకు మా దుకాణంలో మొదటి వాన రోజున తడిసే గోనెసంచుల వాసనలా అనిపించింది. కాసేపటికి పైన బోరు చప్పుడు ఆగింది.

కోతకు మిషన్ అక్కర్లేకపోయింది. కొడవలితో వరస వరస విడిగా కోసి, చాపల మీద కొట్టి, చాటతో తూర్పారబట్టాను. బోదె పక్కన ఉన్న ముందు రకం వరసలు, మేం లెక్క చేయనివి, వేర్ల చెమ్మతోనే ఫర్వాలేదనిపించాయి. వాటి పువ్వు ఎండ ముదరకముందే అయిపోయింది. నీళ్లన్నీ తాగిన బరువు కంకి వరసలు మాత్రం చాటలోంచి పొట్టులా లేచిపోయాయి. తడి అందేసరికే వాటి పువ్వులు మాడిపోయి ఉన్నాయని అప్పుడు అర్థమైంది. గాలి లేని పూట కూడా అవి కింద పడలేదు. అంత తాలు. కంకి కొసన ముందుగా పూసిన గింజలు కొన్ని మాత్రం నిండాయి. ఒక్కో కంకి చేతిలోకి తీసుకుని, కొసనుంచి ఒక్కో గింజ పళ్ల మధ్య పెట్టకుండా, గోటితో నొక్కి చూసి ఏరాను. అన్నీ కలిపితే చిన్న స్టీలు గిన్నె అడుగు మూసుకుంది.

భాయ్ సాయంత్రం వచ్చాడు. గిన్నె ముందు పెట్టాను. ముందు రకం వడ్ల గంప పక్కనే ఉంది, అది నిండుగా ఉంది. అందులోంచి పిడికెడు తీసి ఇస్తే ఆయనకేం తెలుస్తుంది? మా బజారులో ఆ పని చేయడానికి మంత్రాలు అక్కర్లేదు. నా చెయ్యి అటు కదిలింది కూడా. మా ఆయన చూస్తున్నాడు. చెయ్యి ఇటు తిప్పి గిన్నెలో పెట్టి పిడికెడు తీశాను.

"గదేంది చెల్లె," అన్నాడు భాయ్. "పిడికెడంటే నీదా?"

"మరెవరిది?"

"నీళ్లు నావి గద. పిడికిలి గుడ నాదే."

దుకాణంలో పుట్టి పెరిగిన దాన్ని. కొలత మాట్లాడి, కొలపాత్ర మాట్లాడలేదు. తీగ చుట్టీ చుట్టీ ఆ మనిషి చెయ్యి చేట అంత ఉంటుంది.

"బోణీ బేరంల గిది మాట్లాడలేదు భాయ్."

"మాట్లాడకపోతే బజారు రివాజే గద. తీసుకునేటోని పిడికిలి."

అలాంటి రివాజు ఏదీ లేదు. కానీ ఆ మాట ఆయన నోట మా నాన్న గొంతులా వినబడింది, నేను కాదనలేకపోయాను. భాయ్ గిన్నెలో చెయ్యి పెట్టాడు. వేళ్ల సందుల్లోంచి జారినవి తప్ప మిగిలినవి ఎక్కువ లేవు. ఆయన రుమాలులో ముడి వేసుకుని, మా ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు.

మాకు మిగిలిన దాన్ని సగం దాచిపెడదామని మా ఆయన అన్నాడు. దాచడానికి అందులో సగం కనబడలేదు నాకు. మేడంకు పంపాలన్నా, ఆ కాస్తా మొలిచి పెరిగితేనే. వానాకాలం మొదట్లో మొలక కట్టి, నారుమడిలో ఒక మూల చల్లాం. చుట్టూ పుల్లలు పాతి దారం కట్టాం, పిచ్చుకలకు గుడ్డలు వేలాడదీశాం. యాసంగంతా చుక్క రాల్చని ఆకాశం ఆ మరునాడు కుండ బోర్లించినట్టు కురిసింది. వాన వెలిశాక చూస్తే మా మూల నున్నగా ఉంది. మొలకలన్నీ కొట్టుకుపోయి పక్కనే అదే రోజు చల్లిన ఊరి రకం మొలకల్లో కలిసిపోయాయి. వేలు లోపల మొలక అది. ఏది మాదో ఏది కాదో చెప్పడానికి మేడం వచ్చినా లాభం లేదు. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో మొలకనూ పట్టి చూశాడు. "గిదేనా?" "గిదా?" అని నన్ను అడిగాడు. నేను ప్రతిదానికీ తెలియదన్నాను. చివరికి అడగడం మానేసి ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

నాట్లయి నెల దాటాక భాయ్‌ని అడగడానికి బయలుదేరాను, కానీ మళ్లీ మొదటి ఆటో పట్టుకోలేదు. సిగ్గేసింది. భాయ్ మడి గట్టు మీదికి వెళ్లాను. ఆయన అక్కడే ఉన్నాడు, ఎరువు చల్లుతున్నాడు.

"భాయ్, గా పిడికెడు ఏడ ఏసినవు?"

"ఎందుకు చెల్లె, మళ్ల బేరమా?"

"మాది పోయింది. వానకు కలిసిపోయింది."

ఆయన చేతిలోని ఎరువు గంపలో పడేసి, చెయ్యి తువ్వాలకు తుడుచుకున్నాడు. ఒక మూలకు వేలు చూపించాడు. బోరు గొట్టం నీళ్లు పడే మూల, పక్కనే పెంటకుప్ప దిగిన చోట, దూరం దూరంగా నాటి ఉన్నాయి. మొహమాటంతో, గౌరవంతో, తన పొలంలో అన్నిటికన్నా మంచి చోటు వాటికిచ్చాడు. ఒక్కో దుబ్బూ గంపంత ఉంది.

"చూడు, గెట్ల ఎక్కినయో," అన్నాడు. "నీ వడ్లు నిజంగనే గట్టియి."

అక్కడ రాయి నాటినా పిలకలు వేస్తుంది. ఆ బలం చోటిదో గింజదో, గింజల మీద ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా చూసిన నేను కూడా చెప్పలేను. చెప్పాలంటే వాటి గింజలు మళ్లీ ఇరుకులో నాటాలి, మళ్లీ ఏరాలి. అంటే ఇంకా ఎన్ని పంటలో. అసలు ఆ గింజలు మాకు మళ్లీ ఇస్తాడో లేదో.

"పండినంక నాకొక పిడికెడు ఇయ్యి భాయ్," అన్నాను.

"ఎవరి పిడికిలి?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. పుట్టి బుద్ధెరిగాక బేరం మధ్యలో నాకు మాట రాకపోవడం అదే మొదలు. భాయ్ గంప ఎత్తుకుని అవతలి గట్టుకు నడిచాడు.

చీర పైకి దోపుకుని ఆ మూలలోకి దిగాను. గట్టు పక్కవి వదిలి, అన్నిటికన్నా నడుమనున్న దుబ్బు దగ్గర ఆగి, ఆకులు విడదీసి మొదలు పట్టుకుని చూశాను. పొట్ట ఇంకా రాలేదు.